తోక సైకిలు

సైకిళ్ల షెడ్డు మీద గది
ఫిబ్రవరి 11

అక్కా,

క్షేమమా అని అడగను. మీ హాస్టల్ అన్నం ఎలా ఉంటుందో పోయినసారి నువ్వే రాశావు. అది చదివాక కూడా అడిగితే వెక్కిరించినట్టే. నేను బాగానే ఉన్నాను. బావ నాకంటే బాగున్నాడు. కింద షెడ్డులో కూర్చుని పన్నెండు సైకిళ్ల చైన్లకి నూనె పెడుతూ పాడుతున్నాడు. నూనె లేకపోయినా సర్దుకుంటాం గానీ ఆ పాట ఆపమని నేనూ సైకిళ్లూ కలిసి బతిమాలుతున్నాం.

ఫోన్ వద్దు, ఉత్తరం రాయమన్నావు. వారానికి ఒక్క గంట, అదీ వార్డెను ముందు లైన్లో నిలబడి మాట్లాడాలంటే ఎవరికైనా ఏం మాటొస్తుంది? సరే, రాస్తాను. ఎనిమిదితో బడి మానేసినవాడి చేత రాయిస్తున్నావు. తప్పులుంటే ఆ పాపం నీదే.

అసలు మీ ఇద్దరూ చేసే పనేంట్రా అని అడిగావుగా. విను. పొద్దున ఆరున్నరకి హోటళ్ల నుంచి ఎనిమిది మందో పది మందో వస్తారు. వాళ్ళని సైకిళ్లెక్కించి ఊరంతా తినిపిస్తూ తిప్పుతాం. నేను ముందు సైకిలు. బావ తోక సైకిలు. అందరికంటే వెనక, ఎవరూ తప్పిపోకుండా. ఓనరు బావకి 'సీనియర్ రియర్ గైడ్' అని కార్డు కొట్టించాడు. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అంటే తోకేగా" అని జేబులో పెట్టుకున్నాడు.

మొదట ఫ్లైఓవర్ కింద పిండి ఉండలు ఆవిరి మీద ఉడికించే ఆవిడ. ఆవిడ మనిషి మొహం చూడదు, మూత వైపే చూస్తుంది. తర్వాత కాలవ గట్టు మీద చేపలు కాల్చే అన్నదమ్ములు. పదకొండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఒకడు కాలుస్తాడు, ఒకడు వడ్డిస్తాడు. చేప ఆ చేతిలోంచి ఈ చేతిలోకి వెళ్తుంది, మాట వెళ్లదు. ఆ తర్వాత పెద్ద వంతెన. అవతల సూపు ముసలాయన, చివర ఐసు షాపు. మధ్యలో అద్దాల మేడలు. వాటి తలుపులు తెరుచుకున్నప్పుడల్లా చల్లగాలి బయటికి వస్తుంది. అతిథులకి అక్కడ భవనం గొప్పతనం చెప్పమని ఓనరు రాసిచ్చాడు. నేను మాత్రం "ఊపిరి పీల్చుకోండి, ఇది ఉచితం" అంటాను. ఆ మేడల వెనక సందులోకి వెళ్తే, లోపలివాళ్ళని చల్లబరిచే పెట్టెలన్నీ వేడిని మన మొహాన ఊదుతుంటాయి. ఊరంటే ఏంటో నాకు ఆ సందులోనే అర్థమైంది.

ఇంకో సంగతి. సైకిళ్లన్నిటికీ చిన్న ప్లాస్టిక్ బెల్లులు. బావ సైకిలుకి మాత్రం తన పాత పాలసైకిలు బెల్లు ఊడదీసి బిగించుకున్నాడు. ట్రింగ్ అని ఒకటి, ట్రాంగ్ అని ఒకటి, రెండు చప్పుళ్లు. ప్రతి మలుపు దాటాక నేను చెయ్యి పైకెత్తుతాను. ఆ బెల్లు వినపడితే అందరూ దాటినట్టు. వినపడకపోతే ఆగుతాను. ఎవరి సైకిలు మొరాయించినా బావ వాళ్ళకి తన సైకిలిచ్చి పంపేసి, చెడినదాన్ని బాగుచేసుకుని దాని మీద వస్తాడు. పంపేటప్పుడు ఒకటే చెప్తాడు: "ఈ బెల్లు మాత్రం ముట్టుకోకండి, మావాడు నేనే అనుకుంటాడు."

చూశావా, రెండు కాగితాలైపోయాయి.

నీ తమ్ముడు


కుట్టు ఫ్యాక్టరీ హాస్టల్, మూడో అంతస్తు
ఫిబ్రవరి 27

ఒరేయ్ అగ్గిపెట్టె,

నీ ఉత్తరం మా గదిలో ఆరుగురూ చదివారు. పక్క మంచం అమ్మాయి ఆ అన్నదమ్ములకి పెళ్లిళ్లయ్యాయా అని అడుగుతోంది. ఒకర్ని చేసుకుంటే రెండోవాడితో గొడవే ఉండదట.

నేను ఎండ టోపీలు కుడుతున్నానని చెప్పానుగా. టోపీ అంటే మొత్తం కాదు. మెడ మీద ఎండ పడకుండా వెనక వేలాడే గుడ్డ ఉంటుంది చూడు, అదొక్కటే. రోజుకి రెండొందల నలభై. టోపీ పూర్తయ్యాక ఎలా ఉంటుందో ఐదు నెలలుగా చూడలేదు. మొన్న సూపర్‌వైజరుని బతిమాలి, మరకపడిందని పక్కన పడేసిన టోపీ ఒకటి తెచ్చుకున్నాను. దానికి పసుపు గుడ్డ వేసి కుట్టాను. మీ బావకి పంపిస్తాను. పసుపు ఎందుకంటే, ఎంత వెనక ఉన్నా నీకు కనపడాలని.

సెప్టెంబరు మొదట్లో నా ఒప్పందం అయిపోతుంది. మనం కొనబోయే ఐదు సైకిళ్ల సంగతి మర్చిపోకండి. మన సొంత టూర్. పొద్దున మాత్రమే, ఎండెక్కేలోపు ఇంటికి. నేను మధ్యలో తొక్కుతాను, మీ ఇద్దరి తిట్లూ వినపడేలా.

మీ బావ నాకు నాలుగు లైన్లే రాస్తాడు. అందులో రెండు నీ గురించే. నువ్వు పొద్దున తినకుండా బండెక్కుతున్నావట. ఊరందరికీ తినిపించేవాడివి, నీ కడుపు మీద ఏం కోపంరా?

ఆయన పాట మాన్పించకు. ఇక్కడ అది లేకే నిద్ర పట్టడం లేదు.

అక్క


సైకిళ్ల షెడ్డు మీద గది
ఏప్రిల్ 9

అక్కా,

టోపీ వచ్చింది. బావ దాన్ని పెట్టుకుని షెడ్డులో మూడు చుట్లు తిరిగాడు. బాతులా ఉన్నావంటే, బాతుకి పెళ్లాం టోపీ కుట్టిపెడుతుందా అని నా నోరు మూయించాడు.

ఇప్పుడు కోపం సంగతి. ఓనరు మధ్యాహ్నం టూర్ మొదలుపెట్టాడు. పన్నెండున్నర నుంచి నాలుగు దాకా. హోటళ్ల వాళ్ళకి ఆ వేళ ఏమీ తోచడం లేదట. వాళ్ళకి తోచకపోతే మేం వేగాలా? పొద్దున టూరూ మేమే, మధ్యాహ్నం టూరూ మేమే. మధ్యలో గంటన్నర, అందులోనే సైకిళ్లు కడగాలి. తారు మెత్తబడి టైరుకి అంటుకుంటోంది. పిండి ఉండలావిడ కూడా ఆ వేళ పొయ్యి ఆర్పేసుకుంటుంది. ఆవిడకి ఉన్న బుద్ధి ఏసీ గదిలో కూర్చున్నవాడికి లేదు. ఈ మాట ఓనరు మొహం మీదే అన్నాను. "నీకు ఇష్టం లేకపోతే గేటు తీసే ఉంది" అన్నాడు. నేను గేటు దాకా వెళ్ళాను కూడా. బావ చొక్కా పట్టుకుని లాక్కొచ్చాడు.

మొన్న పెద్ద వంతెన మీద ఒకటి జరిగింది. ఆ వంతెన మీద చెయ్యంత నీడ కూడా ఉండదు. సగం దాటాక చెయ్యెత్తాను, బెల్లు వినపడలేదు. ఆపేశాను. ఎవరిదో చైను ఊడితే బావ ఎక్కిస్తున్నాడు. ఆయన వచ్చేసరికి ఏడు నిమిషాలు. ఈలోపు ఒకావిడకి కళ్ళు తిరిగి రెయిలింగు పట్టుకుంది. ఆ ఇనుముకి అరచెయ్యి కాలి బొబ్బెక్కింది. ఓనరు నన్ను తిట్టాడు, అది మామూలే. కానీ బావ కూడా నన్నే తిట్టాడు.

"నా ఒక్కడి కోసం పదిమందిని పెనం మీద నిలబెడతావా?"

"నువ్వు వెనక పడిపోతే?"

"పడిపోవడమేంట్రా. నేను వచ్చేవాణ్ణేగా."

ఆ రోజంతా మాట్లాడలేదు నాతో. సాయంత్రం సూపు తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. నేను అలిగి తాగలేదు. తర్వాత ఆకలేసి తాగాను. చల్లారిపోయింది.

నాకు ఈ పని వదిలేద్దామని ఉంది. ఇద్దరం కలిసి. నువ్వేమంటావు?

నీ తమ్ముడు


హాస్టల్
ఏప్రిల్ 24

తమ్ముడూ,

ఓనరుతో గొడవ పడకు. నాలుగు నెలలు, అంతే. ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. మీ బావకి విడిగా రాశాను. ఆయన బాగానే ఉన్నానన్నాడు.

టోపీని నీళ్ళలో తడిపి పెట్టుకోమను. నువ్వూ తలకి ఏదో ఒకటి కట్టుకో.

ఇక్కడ షిఫ్టు పెంచారు. ఎక్కువ రాయలేను.

అక్క


సైకిళ్ల షెడ్డు మీద గది
మే 30

అక్కా,

నువ్వు బస్సెక్కి ఎనిమిది రోజులైంది. చేరావని ఆఫీసు ఫోన్‌కి కబురు వచ్చింది. అన్నం తింటున్నావా?

నువ్వు ఇక్కడున్న మూడు రోజులూ మనం మాట్లాడుకోలేదు. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజు ఎండ చాలా ఎక్కువ. బావ ఎక్కడో వెనక ఆగాడు. మేం చూసుకునేసరికి ఆలస్యమైంది. డాక్టరు వడదెబ్బ అన్నాడు. ఎవరూ చెయ్యగలిగింది ఏమీ లేదన్నాడు.

ఆఫీసు కాగితాలు నేను చూసుకున్నాను. నువ్వు వాటి గురించి కంగారు పడకు. బావ బట్టలు, దువ్వెన, కార్డు సంచిలో పెట్టి ఉంచాను. గది అద్దెకి వేరేవాళ్ళని తేను.

మధ్యాహ్నం టూర్ ఇంకా నడుస్తోంది. తోకకి కొత్తవాణ్ణి పెట్టారు.

జాగ్రత్త.

తమ్ముడు


హాస్టల్
జూన్ 12

తమ్ముడూ,

ఇరవై నాలుగేళ్లలో నువ్వు ఇంత మెత్తగా మాట్లాడటం నేను వినలేదు. నీ ఉత్తరంలో ఒక్క తిట్టు లేదు. ఓనరుని కూడా ఏమీ అనలేదు. అది చూసే నాకు భయమేసింది.

మీ ఆఫీసు నుంచి నాకూ ఒక కాగితం వచ్చింది. 'తోక గైడు సొంత పని మీద, ఎవరికీ చెప్పకుండా, అతిథులను వదిలి వెనక ఆగిపోయాడు' అని ఉంది. కింద సాక్షి సంతకం. నీది. నీ సంతకం నాకు తెలియదా, నేనే నేర్పాను, అన్నం పళ్లెంలో వేలితో రాయించి.

ఏం సొంత పని రా?

ఆ రోజు ఆయన చేతులు నేనే కడిగాను. నీళ్ళు పోస్తే పోలేదు. సబ్బుతో రుద్దాను, పోలేదు. వంటనూనె అడిగి తెప్పించి, దానితో రుద్దితే అప్పుడు కొంచెం పోయింది. గోళ్ళ కింద మాత్రం ఉండిపోయింది. చైను మసి. ముంజేతుల దాకా ఉంది. సొంత పని మీద ఆగిన మనిషి చేతులకి చైను మసి ఎందుకుంటుంది?

బెల్లు వినపడితేగానీ కదలనని నువ్వే రాశావు. ఏడు నిమిషాలు వంతెన మీద ఆగిన వాడివి. ఆ రోజు బెల్లు వినపడిందా లేదా? ఈ ఒక్కదానికీ జవాబు రాయి. అబద్ధం రాసేటట్టయితే అసలు రాయకు.

అక్క


షెడ్డు
జూన్ 20

అక్కా,

వినపడింది.

ఈ ఉత్తరం నాలుగుసార్లు చింపాను. ఇది చింపను.

ఆ రోజు తొమ్మిది మంది. చేపల దగ్గర ఎవరూ తినలేదు, నీళ్ళే తాగారు. అందులో ఒక పెద్దావిడ ఉంది, తెల్లజుట్టు, మొహం కందిపోయి ఉంది. ఆవిడ టోపీ దారిలో గాలికి కాలవలో పడిపోయింది. వంతెన మొదట్లో ఆవిడ చైను పళ్ల చక్రానికీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుంది. బావ ఆవిడకి తన సైకిలిచ్చాడు. నువ్వు కుట్టిన టోపీ కూడా తీసి ఆవిడ తల మీద పెట్టాడు.

ఇవేవీ నేను చూడలేదు. తర్వాత ఆవిడ చెప్పింది.

నేను చూసింది వేరే. సగం వంతెన దాటాక వెనక్కి తిరిగాను. అవును, తిరిగాను. వరస చివర పసుపు గుడ్డ ఎగురుతోంది. చెయ్యెత్తాను. ట్రింగ్, ట్రాంగ్. నేను కదిలాను.

సూపు ముసలాయన దగ్గర అందరూ నీడలోకి పరిగెత్తారు. బావ ఎప్పుడూ సైకిళ్లన్నీ వరసగా నిలబెట్టి చివరన వస్తాడు కదా, వస్తాడులే అనుకున్నాను. రాలేదు. నీళ్ళ కోసం వెళ్ళాడేమో అనుకున్నాను. ఐసు షాపుకి బయల్దేరాను. మళ్ళీ చెయ్యెత్తాను, మళ్ళీ మోగింది. అక్కడికి వెళ్ళాక ఆవిడ టోపీ తీసింది. తెల్లజుట్టు.

నేను ఏమడిగానో నాకు గుర్తులేదు. ఆవిడ మాత్రం ఏడుస్తూ చెప్పింది. "ఆయనే ఇచ్చాడు. ముందాయన చెయ్యెత్తితే బెల్లు కొట్టమన్నాడు. లేకపోతే అందరినీ ఎండలో ఆపేస్తాడు, నేను వెనకే వచ్చేస్తాను అన్నాడు."

ఎప్పుడూ ముట్టుకోవద్దనేవాడు, అక్కా. ఆ రోజు కొట్టమన్నాడు. ఏప్రిల్‌లో ఆ ఆడమనిషి చెయ్యి కాలింది కదా, అందుకు. నేను మళ్ళీ ఆపకూడదని.

వెనక్కి తొక్కాను. నలభై నిమిషాలైపోయింది అప్పటికి. రెయిలింగు పక్కన కూర్చుని ఉన్నాడు, ఆ ఇనుప కమ్మీ నీడలో. వేలెడు నీడ. పక్కనుంచి కార్లు పోతూనే ఉన్నాయి, అద్దాలెక్కించుకుని. నేను పిలిస్తే కళ్ళు తెరిచాడు. ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. ఆస్పత్రిలో ఒంటి వేడి చూసిన నర్సు యంత్రం తప్పేమోనని ఇంకొకటి తెచ్చి చూసింది.

నువ్వు బస్సెక్కిన మర్నాడు ఓనరు పిలిచాడు. కాగితం టైపు చేసే ఉంది. "నువ్వు చూసుకోలేదని రాయనా, ఆయన ఆగిపోయాడని రాయనా? పోయినవాడికి ఇప్పుడేం పోతుంది?" అన్నాడు. ఆ మాటకి ఇంకో రోజైతే టేబులు తిరగేసేవాణ్ణి. ఆ రోజు పెన్ను తీసుకున్నాను. నీళ్ళ సీసాలు వేడిగా ఉన్నాయని అరిచేవాణ్ణి. సీటు గట్టిగా ఉందని అరిచేవాణ్ణి. నోరు తెరవాల్సిన ఒక్క రోజున సంతకం పెట్టాను.

ఓనరుకి భయపడి కాదు. నీకు భయపడి. టోపీ సంగతి నీకు తెలియకూడదని ఒకటి. అది సాకేమో కూడా. నా తప్పు నీకు తెలియకూడదని, అది నిజం.

ఇంక నన్ను తమ్ముడూ అని పిలవకపోయినా సరే.


హాస్టల్
జులై 19

ఒరేయ్,

నెల పట్టింది. మొదటి వారం నిన్ను తిట్టాను. పక్క మంచం అమ్మాయి, "అక్కా, నిద్రలో కూడా తిడుతున్నావు, కొంచెం మెల్లగా తిట్టు" అంది. రెండో వారం మెడ గుడ్డలు కుట్టలేకపోయాను. సూది దిగే చోట ఆయన మెడే కనపడేది. సూపర్‌వైజరు నన్ను గుండీల బల్లకి మార్చింది. గుండీలకి మెడలుండవు కాబట్టి బతికాను.

మూడో వారం నా ట్రంకు పెట్టె అడుగునుంచి ఒక కాగితం తీశాను. అది దీనితో పెడుతున్నాను. మీ బావ ఏప్రిల్ 17న రాసింది. నువ్వు చదివే ముందు నేనే చెప్తాను, ఎందుకంటే నువ్వు నాకు చెప్పావు.

నాలుగు లైన్లే. 'మధ్యాహ్నం టూర్లో రెండుసార్లు కళ్ళు తిరిగాయి. ఓనరుకి చెప్పాను, ఆ వేళ వద్దని. మీ ఆవిడ టోపీ పంపిందిగా, ఇంకేంటి అన్నాడు. నీ తమ్ముడికి చెప్పకు, వాడు చెయ్యి చేసుకుంటాడు, ఇద్దరి పనీ పోతుంది. సెప్టెంబరు ఎంతో దూరం లేదులే.'

దీనికి నేనేం రాశానో తెలుసా? టోపీ తడిపి పెట్టుకో అని రాశాను. ఓనరన్న మాటే నేనూ అన్నాను. మానెయ్ అని రాయలేదు. రాద్దామని పెన్ను పట్టుకుంటే ఐదు సైకిళ్లు కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి. నువ్వు వదిలేద్దామా అని అడిగిన ఉత్తరం, ఆయన రాసిన ఉత్తరం, రెండూ ఒకే దిండు కింద ఉన్నాయి ఆ రోజు. నీకేమో బాగానే ఉన్నాడని రాశాను.

కాబట్టి అంతా నీ ఒక్కడిదే అన్నట్టు నెత్తిన పెట్టుకోకు. నా వాటా నాకివ్వు. నేను ఆయన్ని ఆ పని నుంచి వెనక్కి రానివ్వలేదు. నువ్వు వెనక్కి వెళ్ళలేదు. కానీ ఆ టూర్ ఆపడం మన ఇద్దరి చేతుల్లో లేదు. అది ఆపగలిగిన ఓనరుకి తెలిసి జరిగింది. కళ్ళు తిరుగుతున్నాయని మనిషి నోటితో చెప్పాక జరిగింది.

ఆయన పని వదిలి పారిపోయినవాడని ఒక కాగితం ఊళ్లో ఉంది. దాని కింద మన ఇంటి సంతకం ఉంది. అది నేను భరించలేను. చావుని భరిస్తున్నావు కదా, ఇదెందుకు భరించలేవు అని నన్ను నేనే అడిగాను.

కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్ళు. మీ బావ ఉత్తరం ఇవ్వు. నువ్వు నాకు రాసింది కూడా పెడుతున్నాను, అదీ ఇవ్వు. నిన్ను కూడా అడుగుతారు, నీ పని పోతుంది, తెలుసు. అక్కడ అరవకు. చదివి వినిపించు, చాలు.

సెప్టెంబరు రెండున దిగుతాను. ఆ దారిలో, ఆ వేళకే, నన్ను తీసుకెళ్ళు. ఆయన కూర్చున్న చోటు చూడాలి. నేను తోకలో వస్తాను.

తమ్ముడూ అనే పిలుస్తాను. నాకు ఇంకెవరున్నారు పిలవడానికి?

అక్క


సూపు ముసలాయన ఇంటి మీద గది
ఆగస్టు 8

అక్కా,

చిరునామా చూశావుగా. షెడ్డు గది ఖాళీ చేయించారు. ముసలాయన పైన బియ్యం బస్తాలు పెట్టుకునే గది ఇచ్చాడు. గిన్నెలు కడుగుతున్నాను. సూపు ఆయన చేసేదే, తిట్లు కూడా ఆయనవే. నాకు రెండూ పడుతున్నాయి.

కార్మిక శాఖకి మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి గుమస్తా సెలవు. రెండోసారి ఆఫీసరు రాలేదు. మూడోసారి ఆవిడ ఉంది, లావు కళ్ళజోడు. కాగితాలు అక్కడ పెట్టి వెళ్ళమంది. చదివి వినిపించమన్నారండీ అన్నాను. ఎవరన్నారు అంది. మా అక్క అన్నాను. కూర్చోమంది.

నిలబడే చదివాను. అరవలేదు. బావ నాలుగు లైన్ల దగ్గరికి వచ్చి కాగితం దించేశాను, ఆవిడే అందుకుని చివరిదాకా చదివింది. తర్వాత అడిగింది.

"ముందు గైడు మీరేనా?"

"నేనేనండి."

"మొదట ఇచ్చిన సాక్ష్యం అబద్ధమని ఇప్పుడు రాసిస్తే, ఇది మీ మీదకి కూడా వస్తుంది."

"రానివ్వండి."

రాసిచ్చాను. బావ సొంత పని మీద ఆగలేదు, ఓనరు పని మీద ఆగాడు, అతిథి సైకిలు బాగుచేస్తూ ఆగాడు అని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. పళ్లెంలో నేర్పిన సంతకమే. మర్నాడు షెడ్డు గేటుకి నోటీసు అంటించారు, విచారణ అయ్యేదాకా మధ్యాహ్నం టూర్ వద్దని. ఓనరు నా సామాను బయట పడేశాడు. ఇది గెలుపని నీకు రాయను. వాడు వకీలుని పెట్టుకున్నాడు. పొద్దున టూర్ నడుస్తూనే ఉంది.

బావ సైకిలు వాళ్ళది, అది రాదు. బెల్లు మాత్రం మనదని చెప్పి, ఓనరు చూస్తుండగానే స్పానరు పెట్టి విప్పుకున్నాను. వాడేమీ అనలేదు. అంటే బాగుండేది.

మొన్న కాలవ గట్టుకి వెళ్ళాను. చేపలు కాల్చే అన్నదమ్ములకి బావ సంగతి సరిగ్గా తెలియదు, టూర్లో కొత్త తోకవాణ్ణి చూసి బావ సెలవులో ఉన్నాడనుకున్నారు. నన్ను ఒక్కణ్ణే చూసి కాల్చేవాడు వడ్డించేవాడి వైపు తిరిగి, "వెనకాయన ఏడి?" అని అడిగాడు. పదకొండేళ్ల తర్వాత మొదటి మాట. రెండోవాడు నా మొహం చూసి, "రాడు" అన్నాడు. ఆ రెండు మాటలే. మళ్ళీ చేప తిప్పుకున్నారు. బావ ఉంటే ఇది ఎంత పెద్ద వార్త. షెడ్డు దాకా ఆగకుండా, దారంతా బెల్లు కొట్టుకుంటూ వచ్చి చెప్పేవాడు.

అక్కా, ఒకటి దాచాను. నువ్వు వచ్చి ఆ చోటు చూస్తానన్నావు కాబట్టి, ముందే తెలియాలి.

నేను వంతెన మీదకి వెళ్ళేసరికి ఆ పెద్దావిడ సైకిలు స్టాండు వేసి ఉంది. చైను ఎక్కించి ఉంది. ఇరుక్కున్నదాన్ని విడదీసి, వంగిన కడ్డీ సరిచేసి, చైనెక్కించి, పెడలు తిప్పి చూసి, సైకిలుని మేం వెళ్ళిన వైపు తిప్పి నిలబెట్టాడు. పని మొత్తం అయిపోయింది. ఎక్కి తొక్కడమే మిగిలింది. వచ్చేవాణ్ణేగా అన్నాడు చూడు, వచ్చేవాడే. ఒక్క నిమిషం కూర్చుని వద్దామనుకున్నాడు, అంతే. కాగితం మీద ఏమి రాసినా రాయకపోయినా, ఇది నీకు తెలియాలి.

సెప్టెంబరు రెండున బస్టాండులో ఉంటాను. రెండు సైకిళ్లు అడిగి పెట్టాను, ముసలాయనదొకటి, చేపలవాళ్ళదొకటి. బెల్లు నీ సైకిలుకి బిగిస్తాను. తోకలో వస్తానన్నావు, అది కుదరదు. దారి నీకు తెలియకపోయినా సరే, ముందు నువ్వే తొక్కు. ఎక్కడ తిరగాలో వెనకనుంచి నేను చెప్తాను. తోకలో నేనుంటాను.

నేను బెల్లు కొట్టను. నా దగ్గర బెల్లే ఉండదు. ప్రతి మలుపు దాటాక ఆగి, వెనక్కి తిరుగు. బట్టలు కాదు, తల మీద ఏముందో కాదు, మొహం చూడు.

కనపడకపోతే వెనక్కి రా.

నీ అగ్గిపెట్టె